తుమ్మముల్లు గుచ్చిన పేజీలు

మొన్న జమ్మలమడుగులో ఒక హెడ్మాస్టరమ్మకు నా మీద కోపమొచ్చింది. ఆమె ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదువుకున్న పిల్లే. "మేడమ్, మా పిల్లోళ్లు పుస్తకం చేతికిస్తే పాముని ఇచ్చినట్టు జూస్తాండారు. మీరొకసారి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పండి" అని ఫోన్ చేస్తే, ప్రొద్దుటూరులో బస్సెక్కి పోయాను. బడిలో కొత్త పుస్తకాలు రంగురంగుల బొమ్మలతో నిగనిగలాడుతున్నాయి. పిల్లలు వరుసగా కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

నేను మంచి మాటలేమీ చెప్పలేదు. మంచి మాటలు విని పుస్తకం పట్టినవాణ్ణి ఈ వయసు దాకా ఒక్కణ్ణీ చూడలేదు. ఒక పుస్తకం తీసుకుని గట్టిగా చదివాను. పాడుబడిన బావిలోకి దిగిన పిల్ల చేతికి ఏదో చల్లగా తగిలిందనేంత వరకూ చదివి, టప్పున మూసేసి, "దీన్ని బీరువాలో పెట్టి తాళమేయమ్మా. వీళ్లకు మాత్రం ఇవ్వొద్దు" అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. "చదివిచ్చేదానికి పిలిస్తే దాచిపెట్టమంటారేంది మేడమ్?" అంది. టీ ఇచ్చింది గానీ, మనసారా ఇవ్వలేదు.

రెండు రోజులకు మళ్లీ ఫోన్ చేసింది. "మేడమ్, బీరువా కాడ ఒకటే గలాటా! తాళంచెవి యాడుందని నా టేబులు సొరుగులన్నీ ఎతుకుతాండారు. బావిలో ఏముందో చెప్పమని నా పానం తీస్తాండారు." వెనక నుంచి పిల్లల కేకలు వినబడుతున్నాయి. గర్వంతో నాకు ఒళ్లు పొంగిపోయింది. దాచుకోవడమెందుకు!

"ఈ తెలివి మీకు ఎవురు నేర్పినారు మేడమ్?" అని అడిగింది. అక్షరం ముక్క రాని మా జేజి నేర్పింది. అదీ తాను నేర్పుతున్నట్టు తనకే తెలియకుండా.

మాది పులివెందుల నుంచి సింహాద్రిపురం పోయే దారిలో ఒక పల్లె. నాన్నమ్మను మేం జేజి అంటాం. మా ఊరి బడి ఏడో తరగతి దాకానే. ఆ పైన చదవాలంటే బస్సెక్కి సింహాద్రిపురం హైస్కూలుకు పోవాలి. నేను ఏడో తరగతి పూర్తిచేసిన ఎండాకాలం అది.

పుస్తకమంటే నాకు ఒళ్లుమంట. మా సారు ఒక్కొక్కరినీ లేపి గట్టిగా చదవమనేవాడు. తడబడిన చోటల్లా నెత్తిన ఒక మొట్టికాయ. నేను అడుగడుగునా తడబడేదాన్ని. ఆ లెక్కన నా నెత్తి సంగతి మీరే ఊహించుకోండి. అక్షరాలు రావని కాదు, వచ్చు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి కూడబలుక్కుంటూ పోయేసరికి, మొదట ఏం చదివానో మరిచిపోయేదాన్ని.

కానీ హైస్కూలు మాత్రం కావాలి! చదువొద్దు, హైస్కూలు కావాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చోవాలి. నీలం పావడా, తెల్ల జాకెట్టు వేసుకోవాలి. మా తరగతి పిల్లలంతా అక్కడికే పోతుంటే నేనొక్కదాన్నే ఎనుముల వెంట, అంటే గేదెల వెంట తిరగాలంటే, తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

సెలవులిచ్చిన వారానికి మా సారు రచ్చకట్ట దగ్గర నాయనతో ఏదో చెప్పాడు. నాయన ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే నన్ను పిలిచాడు.

"సారు ఏమన్యాడో తెల్సునా? ఈ పాపకు చదివేది రాదంట. హైస్కూల్లో ఏస్తే ఆడ నవ్వులపాలయితాదంట. బడి తెరిసే లోపల నా ముందర కూచోని ఒక పేజీ తట్టుకోకుండా, తడబడకుండా చదువు. చదివితే సింహాద్రిపురం. చదవకపోతే ఎనుములుండాయి."

అమ్మ ఏదో అనబోయింది. నాయన చేయెత్తాడు. మా నాయన ఒకసారి మాటంటే మళ్లీ దాన్ని కదిలించే మొనగాడు ఆ ఊళ్లో లేడు. ఒక్క జేజి తప్ప. జేజికేమో నా చదువు సంగతి పట్టదు. "ఆడబిడ్డ బడికి పోతే పోనీ, పోకపోతే పోనీ, చేను మాత్రం వానకు ముందే సిద్దంగా ఉండాల" అనే మనిషి.

మా పక్కిల్లు ఆపా వాళ్లది. వాళ్ల నాయన కువైట్‌లో ఉండేవాడు. పదో తరగతి పాసయి ఇంట్లో ఉన్న ఆపాను వాళ్ల తమ్ముళ్లతో పాటు మేమూ ఆపా, అంటే అక్కా అనే పిలిచేవాళ్లం. వీధిలో ఎవరికి కువైట్ ఉత్తరమొచ్చినా ఆమే చదివిపెట్టాలి. గొంతు ఎంత బాగుండేదంటే, "ఇక్కడ ఎండలు ఎక్కువ" అని చదివినా అవతల ఇల్లాలు కన్నీళ్లు పెట్టుకునేది. నాయన పెట్టిన షరతు విని ఆమె గోడ మీదుగా తల పెట్టింది.

"మామా, ఈ పిల్లను నాకు వదిలిపెట్టండి. బడి తెరిసే లోపల గడగడ చదివిపిస్తా."

పాపం, ఆపా చేయని ప్రయత్నం లేదు. వాళ్లింట్లో నెయ్యిలో వేయించిన సేమియా వాసన వీధి మొదట్లోకే వచ్చేది. గిన్నెడు పెట్టి, తినడం కాగానే పిల్లల కథల పుస్తకం చేతికిచ్చేది. ఆ కథలన్నీ బుద్ధులు చెప్పేవే. అన్నింట్లోనూ ఒక అల్లరి పిల్ల ఉంటుంది, చివర్లో అది కాస్తా బుద్ధి తెచ్చుకుంటుంది. నాకు మండేది. సేమియా తిని, రెండు వరుసలు కూడబలుక్కుని, గోడకానుకుని నిద్రపోయేదాన్ని. "అల్లా! దీనికి చదువెట్లా ఎక్కుతాదో" అని ఆపా తల పట్టుకునేది. అట్లా పది పన్నెండు రోజులు గడిచాయి. నేను బాగా ఒళ్లు చేశాను గానీ, చదువు మాత్రం ఎక్కడిదక్కడే.

అంతలో విత్తనాలు ఒలిచే కాలమొచ్చింది.

ఇప్పటి పిల్లలకు చెప్తే గానీ తెలియదు. వేరుశనగను మేం చెనిక్కాయలంటాం. తొలి వానకు విత్తాలంటే, పోయినేడాది దాచిన కాయలను చేత్తో ఒలిచి పప్పు తీయాలి. ఆ పప్పు మీద ఎర్రటి పొర గోరు తగిలి చిరిగినా, పప్పు రెండు బద్దలయినా, మొలకెత్తదు. అందుకని ఇప్పటిలాగా మిషను పని కాదు. ఈ పొద్దు మా ఇంట్లో పదిమంది కూర్చుంటే, రేపు వాళ్లింటికి మేం పోయి కూర్చుంటాం. మూట విప్పగానే ఎండిన మన్ను వాసన ముక్కులు నింపేది. పిల్లలం, ఆడవాళ్లం చుట్టూ కూర్చుని పటుక్కు పటుక్కు మనిపిస్తుంటే, సాయంత్రానికి వేళ్ల కొనలు మండిపోయేవి.

చేతులు ఒలుస్తుంటాయి, నోరు తింటుంటుంది. పచ్చి పప్పు రుచి అట్లాంటిది, నమిలే కొద్దీ పాలు ఊరుతాయి. మా చిన్నాయన కొడుకులిద్దరు ఉండేవాళ్లు, నా ఈడువాళ్లే, చదువులో నాకంటే ఘనులేం కాదు. వాళ్లు చేటలో ఒక పప్పు వేస్తే నోట్లో రెండు వేసుకునేవాళ్లు. ఎదురింటి పెద్దమ్మ పెద్ద మనిషే గానీ, వాళ్లిద్దరి కంటే ఆమెను పట్టుకోవడమే కష్టం. కొంగు అడ్డం పెట్టుకుని నమిలేది.

మూడో రోజు జేజి చేట ముందు కూర్చుని, ఒలిచిన డొక్కల కుప్పను చూసింది, పప్పును చూసింది. రెండింటికీ పొంతన లేదు.

"నా విత్తనమంతా మీ కడుపులోకి పోతాంది గదంటే!" అని అరిచింది. కాసేపు ఆలోచించి గోడవతలికి కేకేసింది. "పాపా, నువ్వు ఉత్తరాలు చదువుతావు గదా. వచ్చి ఈడ కూచోని ఏదన్నా కథ చదువు. ఈళ్లంతా ఊ కొట్టాల. నోట్లో పప్పు పెట్టుకోని ఊ ఎట్ల కొడతారో నేనూ జూస్తా!"

అదీ మా జేజి బుర్ర! కథ చెబితే ఊ కొట్టాలన్నది మాకు పుట్టుకతో వచ్చిన మర్యాద. దాన్ని నోటికి తాళంలాగా వాడుకోవచ్చని ఆమెకు తట్టింది. ఆపా ఒక వాక్యం చదవగానే అందరూ ఊ అనాలి. జేజి కళ్లు మూసుకుని చెవులతో వెతికేది. రెండో రోజే ఎదురింటి పెద్దమ్మ ఊ బదులు "ఉమ్మ్" అంది.

"నోరు తెరువు" అంది జేజి.

"నేనేం తిన్లేదత్తా" అందామె బుగ్గలోంచే.

"తెరువంటాండా!"

తెరిస్తే నాలుగు పప్పులు బయటపడ్డాయి. మేం పడీపడీ నవ్వాం. పెద్దమ్మ కూడా నవ్వి, ఆ నవ్వులోనే మిగిలిన ఒక్కటీ మింగేసింది.

ఆపా మొదట ఆ బుద్ధుల కథలే చదివింది. అందరూ ఆవలించారు. "అది కాదు పాపా, కొంచిం కారమూ ఉప్పూ ఉండేది చదువు" అన్నారు ఆడవాళ్లు. ఆపా వాళ్ల మామది ప్రొద్దుటూరు. ఆయనింటి పక్క వీధిలో నవలలు అద్దెకిచ్చే అంగడి ఒకటుండేది. ఆపా మామ ఇంటికి పోయి, వచ్చేటప్పుడు అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి నవల తెచ్చింది. అక్కడే కూర్చుని మొత్తం చదివేసిందట కూడా.

కథేమిటంటే, ఒక పెద్ద బంగళా. అందులో పనికి ఒక దిక్కులేని పిల్ల చేరుతుంది. మేడ మీద ఒక గదికి ఎప్పుడూ తలుపు మూసే ఉంటుంది. అందులో ఎవరూ లేరంటారు ఇంటివాళ్లు. కానీ దీపాలు పెట్టే వేళకు ఆ గదిలోంచి దగ్గు వినిపిస్తుంది.

అంతే! మా వసారా అంతా చెవులయిపోయింది. పప్పు తినడం మాట దేవుడెరుగు, గుటక వేయడం కూడా మరిచిపోయారు. "ఆయప్పకు క్షయ ఉండాదేమో, అందుకే దాచిపెట్టినారు" అని ఒకరు. "కాదులే, ఆ ఇంటాయన మొదటి పెండ్లామయింటాది" అని పెద్దమ్మ. నేను డొక్క చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని ఆపా ముఖం చూస్తూ కూర్చునేదాన్ని. పుస్తకంలో ఇట్లాంటివి కూడా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు.

నాలుగు రోజులు జేజి సంతోషంగానే ఉంది. ఐదో రోజు చేటలో చేయి పెట్టి, పిడికెడు పప్పు తీసి చూసింది. సగం బద్దలు!

మరుసటి రోజు మా చేతులనే కనిపెడుతూ కూర్చుంది. ఆపా "ఆ పిల్ల మెల్లగా మెట్లెక్కింది" అని చదివింది. మా వేళ్లు బిగుసుకున్నాయి. "లోపల నుంచి దగ్గు!" అని చదివింది. పటపటమని కాయలు నలిగాయి. ఒక్కరి చేతిలోనూ పప్పు నిలవలేదు.

"ఆపు!" అంది జేజి. "ఆయప్ప దగ్గితే నా చేను ఎండిపోతాది. ఇంగ దగ్గు ఉండే కాడ చదవొద్దు. వంట జేసింది, పూలు కోసింది, అట్లాటివే చదువు."

"జేజీ, మధ్యలో ఇడిసిపెడితే కథ తెలీదు జేజీ" అని ఆపా బతిమాలింది.

"తెలియకపోతే కొంపలేం మునగవు. విత్తనం మొలవకపోతే మునుగుతాయి. దగ్గు యాడుందో నాకు జూపియ్యి."

ఆపాకు అబద్ధమాడడం చేతకాదు. వెతికి చూపించింది. విస్తరాకులు కుట్టేందుకు దాచిన తుమ్మముళ్లు తెచ్చి, జేజి ఆ పేజీలన్నీ కలిపి తన చేత్తోనే గుచ్చేసింది. "అద్దె పుస్తకం జేజీ!" అని ఆపా మొత్తుకుంటే, "ముల్లే గదా, మేకు కాదులే" అంది. ఆ తర్వాత ఏ రోజు చదవబోయే భాగానికి ఆ రోజు పొద్దున్నే, ఆపా చేత చూపించుకుని ముళ్లు గుచ్చేది.

ఇప్పుడు వినండి మా గతి. "ఆ పిల్ల తలుపు మీద చేయి వేసింది..." అని ఆపా చదువుతుంది. ముల్లు గుచ్చిన పేజీలు గబగబా దాటేసి, "పొద్దున్నే అందరూ కాఫీలు తాగుతున్నారు" అని అందుకుంటుంది.

"ఏంది! గదిలో ఏమైంది?" అని మేమంతా ఒక్కసారిగా లేచాం.

"నాకు తెల్సు. చెప్పకూడదు. జేజికి మాటిచ్చినా" అని ఆపా తల దించుకుంది. ఎవరెంత గింజుకున్నా నోరు విప్పలేదు. ఒకసారి ఒట్టేస్తే ఆపాది మా నాయన కంటే గట్టి నోరు.

ఆపా వాళ్లమ్మకు నవలలంటే పడదు. అందుకని ఆపా ఆ నవలను మా ఇంట్లోనే, వసారా గూట్లో పెట్టి పోయేది. మధ్యాహ్నం సంగటీ, మేం ఊరుబిండి అనే చెనిక్కాయల పచ్చడీ తిని జేజి ముఖం మీద కొంగేసుకుని పడుకుంది. నేను గూటి వైపు చూశాను. జీవితంలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా, నా అంతట నేను పుస్తకం మీద చేయి వేశాను. దొంగతనానికేనండీ, కాదనను!

గోనె మూటల గదిలోకి దూరి, మూటల సందులో కూర్చుని, ముల్లు తీసి పక్కన పెట్టుకున్నాను. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. "నిశ్శబ్దంగా" అన్న మాట దగ్గర ఎంతసేపు కొట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు. కానీ అక్కడ సారు లేడు. మొట్టేవాడు లేడు. తప్పుగా చదివితే కథ అర్థం కాదు, అంతే. మళ్లీ వెనక్కిపోయి చదువుకుంటాను. ఆ మధ్యాహ్నమంతా కూర్చుంటే ఒకే ఒక పేజీ అయింది. ఆ పేజీలో ముసలి పనిమనిషి మేడ మీదికి అన్నం తట్ట తీసుకుపోయి, ఖాళీ తట్టతో దిగి వచ్చింది. అమ్మో! అయితే గదిలో మనిషి ఉన్నట్టే! చెమటతో జాకెట్టంతా తడిసిపోయింది. అరిచి అందరికీ చెప్పాలనిపించింది. పేజీ తిప్పబోతే, లోపల జేజి దగ్గింది. నేను గబుక్కున ముల్లు ఏ చిల్లులోంచి తీశానో ఆ చిల్లులోకే గుచ్చి, పుస్తకం గూట్లో పెట్టేశాను.

మరుసటి రోజు రెండు పేజీలు. ఆ మరుసటి రోజు నాలుగు. ఎప్పుడు కూడబలకడం మానేశానో నాకే తెలియదు. ఒక రోజు వేలు పెట్టడం మరిచిపోయాను. కళ్లు వేలి కంటే ముందు పోతున్నాయి.

వారానికి మా చిన్నాయన కొడుకులు నన్ను మూటల సందులో పట్టుకున్నారు. జేజికి చెప్తామని బెదిరిస్తారేమో అనుకున్నాను. వాళ్లు అడిగింది వేరు.

"ఏమైందిమే? గదిలో ఎవురుండారు? చెప్పవా?"

"నేను చెప్పను. కావాలంటే మీరే చదువుకోండి" అని పుస్తకం ముందుకు తోశాను. నాకెంత తిక్కో! బడి పుస్తకం మీద ఒక్క రోజు కూడా చేయి వేయని ఆ ఇద్దరూ, "నేను ముందు", "నేను ముందు" అని ఒకడి జుట్టు ఒకడు పట్టుకున్నారు. చివరికి తలలు ఆనించుకుని, ఒకడికి రాని మాట ఇంకొకడు అందిస్తూ, ఆ సాయంత్రం దాకా చదివారు.

రెండు రోజులకు ఎదురింటి పెద్దమ్మకు వాసన తగిలింది. ఆమెకు చదువు రాదు. నన్ను వాళ్ల పెరట్లోకి పిలిచి, వేడివేడి అలసంద వడలు ముందర పెట్టి, "బంగారు తల్లీ, ఆ పేజీలు కొంచిం నాకు చదివిపెట్టుమే. ఎవురికీ చెప్పను, నా మీదొట్టు" అంది. వడలు తింటూ చదివాను. ఆమె ఊ కొడుతుంటే ఇంకా గట్టిగా చదివాను. మా సారు ముందర పెగలని గొంతు, ఆ పెరట్లో ఎట్లా పెగిలిందో!

ఇక దొరికిపోయింది ఎట్లాగంటే, మా తప్పు వల్లే. ఆపా ముళ్ల పేజీలు దాటేసినప్పుడు ఇదివరకు గోల చేసేవాళ్లం కదా, ఇప్పుడు ఎట్లాగూ మధ్యాహ్నం చదువుకుంటాం కదా అని చల్లగా ఊ కొడుతున్నాం. బడి తెరవడానికి ఇంకా మూడు రోజులుంది. ఆ పొద్దు ఆపా మేడమెట్ల దగ్గరి నుంచి ఒక్క దూకు దూకి పూలతోటలో తేలింది. అందరం ఊ అన్నాం. జేజి కళ్లు తెరిచింది.

"ఏమే, గదిలో ఏమైందని ఒక్కరూ అడగరేంది?"

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. జేజి పుస్తకం లాక్కుని పాత ముళ్లు పట్టుకు చూసింది. చిల్లులు నా చిటికెన వేలంత అయి ఉన్నాయి.

"దొంగముండల్లారా! ఎవురు చదివినారు?"

మా చిన్నాయన కొడుకులిద్దరూ ఒకేసారి నా వైపు వేలు చూపించారు. పెద్దమ్మ కూడా, అన్ని వడలు పెట్టిన చేత్తోనే, నా వైపే చూపించింది. జేజి నన్ను చూసి పకపకా నవ్వింది.

"ఇదా? దీన్ని బస్సు మీద ఊరి పేరు చదవమంటే, చదివే లోపల బస్సే ఎల్లిపోతాది. ఇది చదివిందంటే నేను నమ్మాల్నా?"

దొంగ అంటే పడేదాన్ని. చదువు రాదంటే ఒళ్లు భగ్గున మండింది. "చదివినా! నేనే చదివినా! అన్నీ నేనే ముందు చదివినా!" అని లేచి నిలబడ్డాను. వెనక నుంచి "ఏంది రచ్చ?" అని వినిపించింది. కొలిమి దగ్గర నాగలి కర్రు సాగదీయించుకుని, భుజాన పెట్టుకుని నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు.

జేజి సంగతంతా చెప్పింది. నాయన కర్రు దించి గోడకు ఆనించాడు. వచ్చి అరుగు మీద కూర్చుని పుస్తకం తీసుకున్నాడు.

"చదివినవి కాదు. వాళ్లూ వీళ్లూ చెప్తే కంఠతా పట్టింటావు. ముల్లు తియ్యనిది ఏదుండాది?"

చివరి కట్ట ఒకటుంది. ఆ పొద్దున్నే జేజి రెండు ముళ్లు గుచ్చింది. నాయన వాటిని పీకి పారేసి, పుస్తకం నా ముందర పెట్టాడు.

"ఒక పేజీ. తట్టుకోకుండా. ఎవురూ అందియ్యొద్దు."

వసారా అంతా కాయలు ఒలవడం ఆపేసింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఎనుములు కళ్ల ముందు కదిలాయి. ఆపా పెదవులు కదిలించబోతే, జేజి ఆమె చేయి నొక్కింది. మళ్లీ అక్షరం వైపు చూశాను. ఆ పనిపిల్ల మేడమెట్ల మీద, దీపం పట్టుకుని నిలబడి ఉంది. పాపం, నేను చదవకపోతే అది అక్కడే నిలబడిపోతుంది.

చదివాను. మెట్లెక్కించాను. గాలికి దీపం ఆరిపోయిందని చదివాను. చీకట్లో తడుముకుంటూ తలుపు దాకా తీసుకుపోయాను. అలవాటు కొద్దీ మా చిన్నాయన కొడుకులు ఊ అన్నారు. పెద్దమ్మ ఊ అంది. ఆపా కళ్లలో నీళ్లు పెట్టుకుని ఊ అంది. "తలుపు అవతల నుంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు" అని చదివాను.

"ఊఁ" అంది బొంగురు గొంతొకటి. తలెత్తి చూద్దును గదా, మా నాయన! అరుగు మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తానేమన్నాడో తనకే తెలియకుండా నా నోటి వైపు చూస్తున్నాడు.

నేను ఆగిపోయాను. సరిగ్గా పేజీ కూడా అక్కడికి అయిపోయింది.

"ఆపినావేంది?" అన్నాడు నాయన. "తలుపు తీసిందా లేదా?"

ఆ క్షణంలో నాకెక్కడి ధైర్యం వచ్చిందో! పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. "ఒక పేజీ అంటివి గదా నాయనా. అయిపాయ. సింహాద్రిపురం పంపిస్తావా?"

"ముందు చదువుమే!"

"పంపిస్తానంటేనే చదువుతా."

అందరూ ఒక్కసారిగా నా మీద పడ్డారు. "చదువుమే, సతాయించొద్దు!" అని పెద్దమ్మ. "పంపిస్తానని చెప్పు పెదనాయనా!" అని ఆ ఇద్దరు పిల్లలు. చివరికి జేజి, విత్తనాల జేజి, చేట పక్కకు తోసి, "రేయ్, పంపిస్తానని చెప్పి చావరా! లోపల ఎవురుండారో నాకు తెలియాల!" అని కొడుకును గదిమింది.

నాయన రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. "పంపిస్తాలేమ్మా, నా తల్లే! ఆ తలుపు తియ్యి ముందు!"

తీశాను. ఇంకా పదకొండు పేజీలున్నాయి, ఒక్క గుక్కలో చదివాను. గదిలో ఉన్నది ఇంటాయన అన్న. చచ్చిపోయాడని అందరూ అనుకున్న మనిషి. అతన్ని ఎవరూ బంధించలేదు. గడియ లోపలి వైపే ఉంది. ఏదో తప్పు చేసి, ఎవరికీ ముఖం చూపించలేక, తన చేత్తో తానే గడియ పెట్టుకుని అన్నేళ్లూ కూర్చున్నాడు. ఆ పనిపిల్ల అతని కూతురు. ఆ మాట చదివినప్పుడు ఒక్కరూ ఊ కొట్టలేదు. పెద్దమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. నాయన కర్రు తెచ్చుకోవడానికన్నట్టు లేచి, ముఖం గోడవైపు తిప్పుకుని చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాత చూస్తే జేజి ఒళ్లో ఉన్నవన్నీ బద్దలే. ఒక్క పప్పు కూడా విత్తనానికి పనికొచ్చేది లేదు. ఆమె తిట్టుకుంటూనే బద్దలన్నీ వేయించి, బెల్లం పాకం పట్టి, ఉండలు చేసి అందరికీ తలా రెండు పెట్టింది. నాకు మూడు పెట్టింది.

మూడో రోజు నాయన నన్ను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి సింహాద్రిపురం తీసుకుపోయాడు. హైస్కూలు సారు, "ఈ పాపకు చదివేది వస్తాదా?" అని అడిగాడు. మా నాయన మీసం సవరించుకుని, "మా పాప చదివితే ఊరంతా పనులు ఇడిసిపెట్టి కూచుంటాది సార్" అన్నాడు.

ఇప్పుడు మా వైపు చెనిక్కాయలు మిషన్లే ఒలుస్తున్నాయి, విత్తనం సంచుల్లో వస్తుంది. ప్రొద్దుటూరులో నవలల అంగడి ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. జేజి లేదు, నాయన లేడు. ఆపా ఉంది, మనవరాళ్లకు ఫోన్లోనే కథలు చదివి వినిపిస్తుందట. నేను ఆ హైస్కూలు దాటి, కాలేజీ దాటి, టీచరునయి, వేలమంది పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. శాలువాలు కప్పారు, దండలు వేశారు, సభల్లో నా గురించి గొప్పగా మాట్లాడారు. అవన్నీ బాగానే ఉన్నాయి, కాదనను. కానీ చదువు రాదని ఎనుముల దగ్గరికి తోలబోయిన మా నాయన, ఆ పొద్దు వసారాలో, ఒక్క పేజీ కోసం నన్ను బతిమాలుకున్నాడు.